రొమ్ము కేన్సరు – పాకే గుణం ఎక్కడిది?

రొమ్ములో గడ్డ అనగానే మనకి గుండె జారిపోతుంది. కాని చాలామందిలో ప్రాణం మీదికి తెచ్చేది రొమ్ములో ఉన్న గడ్డ కాదండీ. అందులోంచి విడివడిన కణాలు నెత్తురులో పడి ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో చేరి అక్కడ కాపరం పెడతాయి, అదీ ప్రమాదం. ఒకే పాటి గడ్డలున్న ఇద్దరిలో ఒకరికి అది ఉన్నచోటే ఉంటుంది, మరొకరికి పాకిపోతుంది. ఎందుకిలా? దీనికి ఒక జవాబు, ఎందుకూ కొరగాదనుకున్న చోట దొరికింది.

కణంలోని డి.ఎన్.ఏ.ని పెద్ద వంటల పుస్తకం అనుకోండి. కావలసిన వంట ఒక్కటీ చీటీమీద ఎత్తిరాసుకుని వంటింట్లోకి తీసుకెళతాం కదా, ఆ చీటీయే ఆర్.ఎన్.ఏ. తయారయ్యే వంటకం మాంసకృత్తు. చిత్రమేమంటే, ఆ పుస్తకంలో వంటలున్నది నూటికి రెండు పాళ్ళు కూడా లేదు! మిగతాది చాలావరకు చెత్తేనని చాలాకాలం అనుకున్నారు. అయితే ఆ పేజీలనుంచి కూడా చీటీలు వస్తూనే ఉంటాయి. వాటిలో వంట ఉండదు. కొన్నిటిలో మాత్రం "ఫలానా పేజీ తెరవకు" వంటి హుకుములుంటాయి.

అలాంటి చీటీ ఒకదాని పేరు హాటెయిర్. ఇంగ్లీషులో ఆ మాటకి ఉత్త గొప్పలు అని అర్థం, పేరు పెట్టినవారి సరదా కాబోలు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు దీని సంగతి వెల్లడించారు. ఇది 12వ క్రోమోజోము మీద పుట్టి, 2వ క్రోమోజోము మీది జన్యువుల నోరు మూయిస్తుంది. పొరుగింటి పెత్తనమన్నమాట! తాళాలు వేసే మాంసకృత్తుల గుంపుని వెంటబెట్టుకుపోయి పని జరిపిస్తుంది. 2010లో రొమ్ము గడ్డలు పరీక్షిస్తే కొన్నిటిలో ఇది మితిమీరి ఉంది. అలాంటి గడ్డలే తరవాత ఎక్కువగా పాకాయి. పాకకుండా పట్టి ఉంచే జన్యువులకే తాళాలు పడ్డాయి మరి. కేన్సరు కణాల్లో దీన్ని పెంచి ఎలుకలకు ఎక్కిస్తే వ్యాధి మరింత పాకింది.

అన్ని చీటీలూ ఇలాంటివే అనుకోకండి. మాలాట్-1 అనేదాన్ని పాకించేదిగానే చెప్పుకున్నారు. 2018లో టెక్సాస్ పరిశోధకులు ఎలుకల్లో చూస్తే అది రొమ్ము కేన్సరును పాకనివ్వకుండా ఆపుతోంది! తొందరపడి దాన్ని అణిచే మందు ఇస్తే ఏమయ్యేదో ఊహించండి.

ఇవాళ డాక్టరుగారు గడ్డ ముక్క తీసి మామూలుగా చూసేది ఈ చీటీల్ని కాదు, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు, హెర్-2 అనే మూడింటిని. ఈ మూడూ లేని రకం దురుసుది, దానిమీద హార్మోను మాత్రలు పనిచెయ్యవు. ఇంట్లో ఎవరికైనా ఆ పరీక్ష జరిగితే, రిపోర్టులో ఆ మూడింటికీ ఏం రాశారో డాక్టరుగార్ని అడిగి తెలుసుకోండి.