కాడి కాస్త ఆడాలి

ఎడ్లను కట్టేటప్పుడు నేను కాడితాడు లాగి బిగించబోతే మా నాన్న ఊరుకునేవాడు కాదు. "అంత బిగించకే అమ్మాయ్, కాడి కాస్త ఆడాలి. లేకపోతే మెడలు పుండ్లు పడతాయి" అనేవాడు. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. ప్రోటీన్లంటే తాళం, తాళంచెవి అన్నాను. నల్లబల్ల మీద గట్టి గీతలతో బొమ్మలు గీశాను. డైనాక్టిన్ అనే ప్రోటీన్ల సముదాయం గురించి చదివాక ఆ గీతలు సరిపోవని తెలిసింది.

వెన్నెముక దగ్గర మొదలై కాలివేలి దాకా సాగే నాడీకణం సుమారు మీటరు పొడవుంటుంది. దాని లోపల సూక్ష్మనాళికలనే పట్టాలున్నాయి. వాటి మీద వేలికొస నుంచి కణదేహానికి సరుకు మోసుకొచ్చే మోటారు ప్రోటీన్ డైనీన్. దాని అడుగు మామూలుగా 8 నానోమీటర్లు. ఒకే మోటారు దారంతా లాగదు కానీ, లెక్కకు మీటరంటే పన్నెండున్నర కోట్ల అడుగులు!

పని లేనప్పుడు డైనీన్ రెండు తలలూ ఒకదానికొకటి అతుక్కుని, గ్రీకు అక్షరం 'ఫై' ఆకారంలో ముడుచుకుని ఉంటాయి. దాన్ని నడిపించడానికి సాయపడేది డైనాక్టిన్. 1991లో బయటపడిన ఈ సముదాయంలో 23 ప్రోటీన్ ముక్కలున్నాయి. సరుకును పట్టుకునే బిక్‌డి2 లాంటి మరో ప్రోటీన్ తోడైతే, డైనాక్టిన్ ఆ రెండు తలలనూ ఒకే దిక్కుకు తిప్పుతుంది. కాడి కింద జత ఎడ్లను నిలబెట్టినట్టే.

2015లో కేంబ్రిడ్జ్‌లోని ఎం.ఆర్.సి. ప్రయోగశాలలో ఆండ్రూ కార్టర్ బృందం క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో డైనాక్టిన్ నిర్మాణాన్ని చూపించింది. ఈ పద్ధతిలో అణువులను పలచని మంచుపొరలో గడ్డకట్టించి, వేలకు వేల ఫొటోలు తీసి, అన్నిటినీ కలిపి ఒక్క బొమ్మ చేస్తారు. కదలని భాగం స్పష్టంగా వస్తుంది, ఊగే భాగం మసకబారుతుంది. డైనాక్టిన్ ఒళ్లు చక్కగా తేలింది. పి150 గ్లూడ్ అనే పొడవాటి చెయ్యి మాత్రం మసకే. విడివిడి అణువులను చూస్తే కొన్నిట్లో అది మడిచి ఉంది, కొన్నిట్లో చాచి ఉంది. నాకు ఆ మసకే ముఖ్యమనిపిస్తుంది. సూక్ష్మనాళికను అందుకునే పట్టు ఆ చేతి కొసనే ఉంది. గట్టి కర్రలా ఉంటే, కిక్కిరిసిన కణంలో పట్టా ఏ పక్కనుందో వెతికి అందుకోవడం ఎంత కష్టం!

ఆ పట్టు దగ్గర ఒక్క పొరపాటు చాలు. పి150 గ్లూడ్‌లో 59వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట సెరీన్ వచ్చిన ఒక కుటుంబం గురించి 2003లో ప్రచురించారు. స్వరతంత్రులు పనిచేయక, ముఖంలో, చేతుల్లో కండరాలు బలహీనపడుతూ వచ్చాయి వాళ్లకు. ఆ ఒక్క అక్షరం గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొన్న పక్కింటి అమ్మాయి నోట్సులో డైనాక్టిన్ బొమ్మ గీసిచ్చాను. ఒళ్లు పెన్నుతో గీశాను. చేతిని మాత్రం పెన్సిలుతో, చుక్కల గీతల్లో, మూడు చోట్ల గీశాను.

"వీటిలో ఏది కరెక్టు ఆంటీ?" అంది.

"మూడూనమ్మా" అన్నాను.