మా షోకేసులో లిబరేటర్

సెలవుల్లో మీవాడు ప్లాస్టిక్ విమానం కిట్టు తెచ్చుకుని బల్లనిండా ముక్కలు పరిచాడా? "ఏమిట్రా ఈ చెత్తంతా?" అని కసురుకోకండి. నేను కసురుకున్నాను, అందుకే చెబుతున్నాను.

మా తమ్ముడు తెచ్చిచ్చిన ఆ పెట్టెలో ఉన్నది బి-24 లిబరేటర్. రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబర్ విమానానికి 72వ వంతు నమూనా. అసలుదాని రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసకి 110 అడుగులు, మా బల్లమీద మూరెడు! పదో తరగతి పరీక్షలయ్యాక మావాడు ఎందుకో ముభావంగా ఉంటున్న రోజులవి. పక్కన కూర్చుంటే నాలుగు మాటలైనా మాట్లాడతాడని నేనూ చేయి కలిపాను.

తీరా చూస్తే ఇందులో మనకు రాని పనేమీ లేదండీ. ముక్కల్ని ముందుగా సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి, జిడ్డుంటే రంగు పట్టదు. నెయిల్ కట్టర్‌తో కత్తిరించి, గోళ్ళు అరగదీసుకునే పట్టీతో అంచులు నున్నగా చేయాలి. జిగురు టూత్‌పిక్‌తో చుక్క చుక్కగా పెట్టి, ఆరేదాకా బట్టల క్లిప్పులు తగిలిస్తే సరి. అద్దాలకి మాత్రం ఫెవికాల్ వాడండి. ప్లాస్టిక్ జిగురు తగిలితే మసకబారిపోతాయి. ఆ జిగురు ఘాటు, నిప్పు తగిలితే మండుతుంది కూడా. కిటికీ తెరిచి, స్టవ్‌కి దూరంగా కూర్చోవాలి సుమా!

ఇక నా పొరపాటు. లిబరేటర్‌కి ముక్కు కింద ఒక చక్రం, రెక్కల కింద రెండు. ముక్కులో బరువు పెట్టకుండా మూసేస్తే బొమ్మ తోకమీద కూలబడుతుంది. వాడు చెబుతూనే ఉన్నాడు. వంటకి వేళవుతోందని "ముందు అంటించెయ్యరా" అని తొందరపెట్టాను. మర్నాడు నిలబెడితే తోక నేలకి, ముక్కు ఆకాశానికి! వాడు ఒక్కమాట అనకుండా లేచి వెళ్ళిపోయాడు. నన్ను తిట్టినా బాగుండేది.

పొద్దున్నే "నీ మాట వినకపోవడం నా తప్పురా" అన్నాను. ఇద్దరం అతుకు వెంబడి బ్లేడు మెల్లగా ఆడించి విప్పాం. ఒకచోట పగిలింది కూడా. కుట్టుమిషన్ సొరుగులోని ఇనుప నట్లు ఎన్ని సరిపోతాయో చూసుకుని లోపల అంటించాం.

అవి ఆరుతుంటే వాడే మొదలుపెట్టాడు. అమెరికాలో విల్లో రన్ ఫ్యాక్టరీలో 1944లో సుమారు గంటకో లిబరేటర్ తయారయ్యేదట. రివెట్లు కొట్టినవాళ్ళలో వేలమంది ఆడవాళ్ళేనట! "లోపల ఎంతమంది ఉండేవాళ్ళురా?" అన్నాను. "సాధారణంగా పదిమంది." "మరి కింద?" వాడు మాట్లాడలేదు. కాసేపాగి, 1943 ఆగస్టు 1న రుమేనియాలోని ప్లొయెస్తి చమురు శుద్ధి కర్మాగారాల మీదికి వెళ్ళిన లిబరేటర్లలో 50కి పైగా ఆ ఒక్కరోజే పోయాయని చదివి వినిపించాడు. "బాంబులు పెట్టొద్దమ్మా, తలుపులు మూసేద్దాం" అన్నదీ వాడే.

మరి ఏ దేశం గుర్తులు వేయాలి? యుద్ధమయ్యాక కాన్పూర్‌లో పాడుచేసి వదిలేసిన లిబరేటర్లని మన హెచ్.ఏ.ఎల్. వాళ్ళు బాగుచేశారు. భారత వాయుసేన వాటిని 1968 దాకా ఎగరేసింది. కిట్టులో మన గుర్తులు లేవు. ముగ్గులేసిన చేయి కదా, ఆ మూడు రంగుల గుండ్రాలు సన్నకుంచెతో నేనే దిద్దాను.

ఇప్పుడది షోకేసులో మూడు చక్రాలమీదా బుద్ధిగా నిలబడి ఉంది. దుమ్ము దులపడానికి మెత్తని బ్రష్షే వాడండి. గుడ్డ పెట్టి తుడిస్తే తుపాకీ గొట్టాలు విరిగిపోతాయి.