సూరత్ సాంచాల కార్మికుడు చట్టానికి ఎందుకు కనిపించడు?

2020 ఏప్రిల్ 10 రాత్రి సూరత్ శివారు లస్కానాలో మరమగ్గాల కార్మికులు రోడ్డెక్కారు. లాక్‌డౌన్‌తో సాంచాలు ఆగాయి, కూలి ఆగింది. బకాయిలు ఇప్పించి ఊరికి పంపమన్నారు. ఆ నగర మరమగ్గాల మీద ఎక్కువగా ఒడిశాలోని గంజాం జిల్లావారే ఉంటారు. తెలంగాణ నుంచి దశాబ్దాల క్రితం వెళ్లిన పద్మశాలీలూ వారి పక్కనే బతుకుతున్నారు. మే 1న తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి హటియాకు బయల్దేరేసరికి లాక్‌డౌన్‌కు ఐదు వారాలు దాటాయి.

వలస కార్మికులకు చట్టం లేక కాదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణ భత్యం, వసతి, వైద్యం ఇవ్వాలంది. కాంట్రాక్టరు ఇటు పంపే రాష్ట్రంలోనూ, అటు పని ఉన్న రాష్ట్రంలోనూ లైసెన్సు తీసుకోవాలంది. చిక్కంతా అక్కడే ఉంది. సూరత్‌కు చాలామంది కాంట్రాక్టరు వెంట వెళ్లరు. బావమరిదో, ఊరివాడో కబురు పెడితే రైలెక్కుతారు. అలాంటివారు ఆ చట్టం లెక్కలోకే రాలేదు.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. సొంతంగా వెళ్లి పని వెతుక్కున్నవారినీ వలస కార్మికులుగానే గుర్తించింది. ఇది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అయితే వలస కార్మికుల అధ్యాయం పదిమంది, ఆపైన అలాంటివారు ఉన్న సంస్థలకే వర్తిస్తుంది. పాత చట్టంలో ఆ పరిమితి ఐదుగురే. కొద్దిపాటి సాంచాలతో నడిచే చిన్న షెడ్డులో పనిచేసేవాడు మళ్లీ బయటే మిగులుతాడు.

తిండి విషయంలో కొంత మార్పు వచ్చింది. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకాన్ని 2021 జులై 31లోగా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కుటుంబం ఊళ్లో ఉంటే కోటాలో కొంత అక్కడ, కొంత సూరత్‌లో తీసుకోవచ్చు. కానీ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులకే ఈ వెసులుబాటు. 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో కార్మికుడి పేరు చేరుతుంది, అంతమాత్రాన యజమాని బాధ్యత మొదలుకాదు.

కాబట్టి ముందు కావలసింది సరైన లెక్క. ఎవరు ఏ ఊరి నుంచి వెళ్లారో, ఏ షెడ్డులో పనిచేస్తున్నారో ఇటు తెలంగాణకూ, అటు గుజరాత్‌కూ తెలియాలి. పదిమంది పరిమితిని సడలించాలి. ఆపద వచ్చాక రైలు పంపడం సాయమే. కార్మికుడు ఎక్కడున్నాడో ముందే తెలిసి ఉండటమే పాలన.