మీకు తెలుసా? తిండిని బట్టి ఒంటి వయసు!

పుట్టినతేదీ చెప్పే వయసు ఒకటి, కణాలు చెప్పే వయసు మరొకటి. ఈ రెండోదే జీవ వయసు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలోనూ అది వేర్వేరుగా ఉండొచ్చు.

దాన్ని కొలిచేదెలా? డీఎన్ఏకి అతుక్కుని ఉండే మిథైల్ గుర్తులు వయసుతోపాటు మారుతుంటాయి. అలాంటి 353 చోట్లను లెక్కగట్టి వయసును అంచనా వేసే ‘ఎపిజెనెటిక్ గడియారా’న్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త స్టీవ్ హోర్వత్ 2013లో రూపొందించారు.

క్రోమోజోముల కొసలను కాపాడే టెలోమియర్లు మరో ఆధారం. కణం విభజన చెందిన ప్రతిసారీ ఇవి కాస్త కురచవుతాయి. కూరగాయలు, పండ్లు, పప్పులు, గింజలు, చేపలు, ఆలివ్ నూనెతో కూడిన మధ్యధరా భోజనానికి దగ్గరగా తినేవారిలో టెలోమియర్లు పొడుగ్గా ఉన్నాయని 4,676 మంది అమెరికా నర్సులపై చేసిన అధ్యయనం 2014లో తేల్చింది.

చక్కెర సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. 2024లో వెలువడిన మరో అధ్యయనంలో ఉత్తర కాలిఫోర్నియాకు చెందిన 342 మంది మహిళలను పరిశీలించారు. విడిగా కలిపిన చక్కెర ఎక్కువగా తినేవారి కణాల వయసు ఎక్కువగా కనిపించింది. మంచి ఆహారం తినేవారిలోనూ చక్కెర ప్రభావం కనబడింది!

ఇవన్నీ తిండికీ వయసుకీ ఉన్న సంబంధాన్ని చూపేవే. తిండి ఒక్కటే కారణమని నిరూపించేవి కావు. నిద్ర, వ్యాయామం, పొగతాగడం కూడా లెక్కలోకి వస్తాయి.

పెద్దలు రోజూ 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సలహా. ఈ రోజు మీ పళ్లెంలో అవెంత ఉన్నాయో ఒకసారి చూసుకోండి.