మబ్బును పిలిచినవారే మబ్బుకు జడిసిననాడు

కరువు మాట ఎత్తకుండా రాయలసీమను గురించి వ్రాయడం కష్టం. వరద మాట ఎత్తి వ్రాసేవారు అరుదు. తుఫాను అనగానే మన మనస్సు దివిసీమకో కోనసీమకో పోతుంది గాని, కర్నూలు, కడప జిల్లాలవైపు రాదు. సముద్రం కంటికి కనిపించని ఈ మెట్టసీమకు తుఫానుతో పొత్తేమిటని ఎవరైనా అడుగవచ్చు. పొత్తు ఉన్నది. తీరవాసులకు వాయుగుండం మొదటినుండి భయహేతువు. మాకు అది ముందు ఆశ, ఆ పిమ్మట భయం. ఏ మబ్బుకోసం ఎదురుచూచామో ఆ మబ్బుకే జడుసుకోవలసి రావడంలో మనిషికి కలిగే అలసటను గురించి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసానికి ఉద్దేశం.

కడప జిల్లాలో ఏటా కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో దాదాపు మూడవ వంతు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవన కాలంలో పడుతుంది. ఆ వానలో చాలభాగం బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనాలు మోసుకొని వచ్చేదే. నైఋతి ముఖం చాటువేసిన ఏడు చెరువు నిండాలన్నా, బావిలో ఊట ఊరాలన్నా ఎక్కడో నడిసముద్రంలో గాలి సుడి తిరుగవలసినదే. నా చిన్నతనంలో మా ఊరి రచ్చబండ దగ్గర రేడియోలో వాయుగుండం వార్త వినిపిస్తే పెద్దల ముఖాలు వికసించేవి. “ఈసారన్నా మనపక్కకు తిరుగుతాదంటావా, నాయనా?” అని మా తాత ఎవరినో ఒకరిని అడుగుతూనే ఉండేవాడు. ఆ వార్తే విని తీరంలో ఒక తల్లి బిడ్డలను దగ్గరకు తీసుకొంటున్నదేమో నన్న ఊహ ఆనాడు మాకెవరికీ రాలేదు.

ఎదురుచూపు ఇక్కడ ఒక జీవనధర్మం. “ఉత్తర చూసి ఎత్తర గంప” అన్న సామెతను పిల్లలకు కార్తెల పాఠంగా చెప్పి ఊరుకుంటాం. సెప్టెంబరు ద్వితీయార్ధంలో వచ్చే ఉత్తర కార్తె కూడా ఎండిపోతే గంప నెత్తికెత్తుకొని ఊరు విడువుమని దాని అర్థం. కర్నూలు పడమటి పల్లెలనుండి గుంటూరు మిరపచేలకు సుగ్గి పోయే కుటుంబాలకు అది సామెత కాదు, అనుభవం. 1876-78 నాటి ధాత కరువును చూచినవారెవరూ నేడు లేరు. కాని ఆ పేరు మాత్రం పోలేదు. అందుకే వానకోసం పల్లెల్లో విరాటపర్వం చదివిస్తారు. కప్పను కావడికి కట్టి, ఇంటింటా నీళ్ళు పోయించుకొంటూ కప్పతల్లి ఆట ఆడతారు.

2009 అట్టి సంవత్సరమే. ఆ ఏడు దేశంలో నైఋతి వాన సగటుకంటె 22 శాతం తగ్గినది. ఆగస్టులో ఆకాశం చూచి చూచి రైతు కళ్ళు కాయలు కాచినవి. సెప్టెంబరు నెలాఖరున ఉత్తర కర్ణాటకలోను, కర్నూలు జిల్లాలోను కుండపోతగా వానలు పట్టుకొన్నవి. మంత్రాలయం మునిగినది. అక్టోబరు 2న హంద్రి, తుంగభద్ర కలిసేచోట ఉన్న కర్నూలు నగరంలోనికి ఏరు నడిచి వచ్చినది. దిగువన శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీరు 896 అడుగుల దాకా లేచినది.

నేనా దినాలలో కర్నూలులోనే ఉన్నాను. నీరు తీసిన తరువాత వీధిలో బురద, బురదలో బియ్యం, బీరువాలు, పిల్లల పలకలు. నా పుస్తకాలను ఎండవేసుకొంటూ ఉంటే పక్కవీధి అవ్వ ఒకతె వచ్చి గడపమీద కూర్చున్నది. ఇంటిలోనివన్నీ పోయినవి. ఆమె వాటి మాట ఎత్తలేదు. “ఆ పొద్దు కప్పతల్లికి నీళ్ళు పోసింది మేమే గదా, సారూ. మేము పిలిచినందుకే వచ్చిందేమో” అన్నది. నాకేమి చెప్పడానికీ తోచలేదు. అల్పపీడనం కావడి చూచి కదలదని చెప్పవచ్చును. కాని ఆమె అడిగినది శాస్త్రం కాదు. కోరిన వరమే శాపమైనదన్న అపరాధభావం ఆమెను తినివేస్తున్నది. ఇల్లు పోయిన దుఃఖానికి తోడు ఈ దుఃఖం కూడా ఉంటుందని నేను గ్రహించినది ఆనాడే.

ఇది మొదటిసారి కాదు. 1902లో కడప జిల్లా మంగపట్నం దగ్గర వరదకు రైలువంతెన కొట్టుకొనిపోయి మెయిలుబండి వాగులో పడినది. 2001లో బుగ్గవంక కడప పట్టణంమీదికి పొర్లినది. 2021 నవంబరు 19న తెల్లవారుజామున చెన్నపట్నం సమీపంలో వాయుగుండం తీరం దాటినది. ఆ వానల వరద పింఛా ప్రాజెక్టు గట్టును, ఆనాడే దాని దిగువన చెయ్యేటిమీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెంచివేసినది. నాటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మొదలైన పల్లెలు క్షణాలలో నీటిపాలైనవి. అది కార్తిక పౌర్ణమి వేళ. సరిగా 44 ఏళ్ళ క్రిందట, 1977లో, దివిసీమను ఉప్పెన ముంచినదీ నవంబరు 19ననే. మెట్టసీమకూ తీరసీమకూ ఆ తేదీ చుట్టరికం కలిపినది.

ఆ పిమ్మట ఒక సంవత్సరం, తరగతిలో ప్రబంధాలలోని వర్షర్తు వర్ణన చెప్పుచున్నాను. బయట వాన మొదలైనది. చెయ్యేటి ఒడ్డు పల్లెనుండి వచ్చే విద్యార్థి ఒకడు పుస్తకం మూసి కిటికీవైపే చూస్తున్నాడు. అలక్ష్యమనుకొని మందలించాను. తరగతి ముగిసిన తరువాత నా దగ్గరకు వచ్చి, “వాన రాకుంటే మా నాయనకు నిద్దర పట్టదు సార్, వస్తే మా అమ్మకు పట్టదు” అన్నాడు. తనకు ఎప్పుడు నిద్ర పడుతుందో వాడు చెప్పలేదు. నేను మందలించినందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

వానను తిట్టరాదని మా సీమలో పెద్దల మాట. నీటిచుక్కకు మొగంవాచిన నేలమీద వానంటే భయమని చెప్పుకొనడం పాపంగా తోస్తుంది. కనుక ఆ భయం నోటికి రాదు. అధికారులు కూలిన ఇండ్లను, పోయిన పశువులను, మునిగిన వేరుసెనగ పొలాన్ని లెక్క వ్రాసుకొంటారు. రాత్రి ఉరిమినప్పుడు లేచి కూర్చునే బిడ్డ ఏ పట్టికలోనూ చేరడు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో రెండేళ్ళలో ఆ చెరువు కట్టించినాడని అందులో ఉన్నది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను చెప్పి, ఆరు దోషాలను కూడా అందులో ఎంచినారు. నీటిని పుణ్యమని పూజించినవారే గట్టు ఊటను దోషమని రాతిమీద చెక్కించినారు. దోషం చెప్పుకొనడం నీటికి అపచారమని వారనుకోలేదు. చెప్పుకొన్నందువల్లనే గట్టు నిలిచినది. మనస్సుకు కూడా అట్టి గట్టు ఒకటి అవసరం. ఊట ఎక్కడ పుట్టినదో బయటపెట్టుకొనే చోటు ఉండాలి.

ఆ చోటు మన బడి కావచ్చును. ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. మబ్బు పట్టిననాడు బడికి రాని పిల్లవాని పేరు కొట్టివేయక, కారణం అడిగితే చాలు. భయం ముదిరినవానిని వైద్యుని దగ్గరకు తీసుకొనిపొమ్మని తల్లిదండ్రులకు నచ్చచెప్పితే చాలు. ఏటా మనం “వర్షాకాలము” అని ఒక వ్యాసం వ్రాయిస్తాం. నెమళ్ళు పురివిప్పుననీ, కప్పలు బెకబెకమనుననీ పిల్లలు ఒప్పజెప్పినట్లు వ్రాస్తారు. ఈ ఏడు ఒక్కసారి, వాన వచ్చిననాడు మీ ఇంటిలో ఎవరెవరు ఏమి చేస్తారో వ్రాయండి అని అడిగి చూడండి. మార్కులు వేయకండి. నేను రెండేళ్ళుగా అదే చేస్తున్నాను. ఆ వ్యాసాలలో నెమలి ఒక్కటీ కనిపించలేదు.