పెరటిచెట్టు మందునకు పనికిరాదా?



కాజీపేటకును డోర్నకల్లునకును నడుమ రైలుదారిపై మా కేసముద్రము గలదు. చుట్టుపట్ల పల్లెల రైతులు పసుపు, మిరప, ధాన్యము బండ్లకెత్తించి మా మార్కెట్టునకు తెత్తురు. పంట దగ్గరలో అమ్ముడుపోయిన కిరాయి మిగులునని యెల్లరు నెరుంగుదురు. చదువు దగ్గరలో లభించిన నేమి మిగులునో యోచించువారు మాత్రము అరుదు.

ఇంటరు పరీక్ష ముగిసినతోడనే ఆడపిల్లలున్న యిండ్ల నొక చర్చ బయలుదేరును. మగపిల్లవాని వరంగల్లునకో హైదరాబాదునకో పంపుట కంతగా సందేహింపరు. ఆడపిల్ల విషయమున రైలువేళలు, హాస్టలు ఖర్చు, పెండ్లిమాటలు అన్నియు లెక్కకు వచ్చును. మాది బడిపంతులుగారి యిల్లగుటచే దరఖాస్తు కాగితములు చేతబట్టుకొని వచ్చు తల్లులను మేము తరచుగా జూచుచుందుము. వారిలో చదువు వలదనువారు లేరు. దూరము వలదనువారే పలువురు.

ఈ దూరమును తగ్గించుటకు మన దేశమున రెండు మార్గము లేర్పడినవి. మొదటిది అనుబంధ పద్ధతి. వరంగల్లున 1976లో కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడిన పిదప ఈ ప్రాంతపు కళాశాలలు దానికి అనుబంధములైనవి. కళాశాల పాఠము చెప్పును. విశ్వవిద్యాలయము పరీక్ష జరిపి పట్టము నిచ్చును. అయిన నిందులకు ప్రత్యేకముగా నొక డిగ్రీ కళాశాల, నిత్యము వచ్చు నధ్యాపకులు, ప్రతిదినము హాజరుకాగల విద్యార్థులు కావలెను.

రెండవ మార్గము 1982లో తెరువబడినది. ఆ యేట హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. భారతదేశమున నిట్టి విశ్వవిద్యాలయములలో నిదియే మొదటిది. ఆచార్య జి. రామిరెడ్డిగారు దీనికి తొలి ఉపాధ్యక్షులు. 1985లో ఢిల్లీయందు స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును వారే తొలి ఉపాధ్యక్షులైరి. మన విశ్వవిద్యాలయమునకు 1991లో డాక్టరు బి.ఆర్. అంబేడ్కరుగారి పేరు పెట్టబడినది.

ఈ విశ్వవిద్యాలయము ఊరూరను సొంతభవనములు కట్టలేదు. అప్పటికే యున్న కళాశాలలలో అధ్యయన కేంద్రముల నెలకొల్పినది. వారమంతయు ఆ కళాశాల తన పిల్లలకు పాఠములు చెప్పుకొనును. సెలవుదినములందు ఆ గదులే, ఆ బల్లలే, పలుచోట్ల ఆ యధ్యాపకులే సార్వత్రిక విద్యార్థుల వారగుదురు. తెలుగున వ్రాసిన పాఠ్యపుస్తకములు విశ్వవిద్యాలయ మిచ్చును. ఇంట చదువుకొని, సందేహములను కేంద్రమున తీర్చుకొని, పరీక్ష వ్రాయవలెను. అమెరికాయందును మిషిగను రాష్ట్రపు మేకోంబు కళాశాల 1991లో నిట్టి యేర్పాటునే చేసినది. అది రెండేండ్ల చదువుల కళాశాల. పలు విశ్వవిద్యాలయములు దాని యావరణకే వచ్చి పట్టపు చదువులు చెప్పుచున్నవి.

“ఊరిలోని చదువు చదువేనా?” యని పెదవి విరచువారు గలరు. పెరటిచెట్టు మందునకు పనికిరాదనుట మనవారి కలవాటే గదా! విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో నొక ప్రకటన చేసినది. గుర్తింపు పొందిన సంస్థలు దూరవిద్యద్వారా నిచ్చు పట్టములు, కళాశాలకు నిత్యము పోయి చదివిన పట్టములకు సమానములని దాని సారము. కావున చేరుటకు ముందు ఆ చదువునకు ఆ సంవత్సరమున గుర్తింపు గలదో లేదో కనుగొనుట ముఖ్యము. ప్రయోగశాల యెచ్చట, తరగతులు నిజముగా జరుగునా, పరీక్షకేంద్ర మెంతదూరము అని కూడ అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడవలదు.

మేము ఇంటనే భారత భాగవతములు చదువుకొన్నవారము. ఆ చదువు మా మనస్సునకు వెలుగు నిచ్చినది. ఉద్యోగపు దరఖాస్తున దానిని వ్రాయుటకు గడి లేదు. ఏకలవ్యునకు విల్లువిద్య పట్టువడినది. గురువు శిష్యుడవని యొప్పుకొన్నది బొటనవ్రేలు కోరుటకే. విద్యతోపాటు ఇది నేర్చినదని చెప్పు ముద్రయు మన బిడ్డలకు కావలెను. ఆ ముద్ర వేయు విశ్వవిద్యాలయము పొరుగుటూరి కళాశాలవరకు నడచివచ్చినప్పుడు మన మింటి గడప దాటనీయకుండుట న్యాయము గాదు.

ఇక నొక్కమాట అత్తగార్లతోను, యింటి యజమానులతోను మనవి చేయుచున్నాము. తరగతులు సెలవునాడు. ఇంటిల్లిపాదికి సెలవైన ఆదివారమే యిల్లాలికి పని యెక్కువ. చుట్టములు వచ్చునదియు, తలంట్లు పోయవలసినదియు, పిండివంటలు కావలసినదియు నా దినముననే. ప్రభుత్వము కేంద్రము నీయగలదు, విశ్వవిద్యాలయము పుస్తకము నీయగలదు. ఆదివారము నీయగలవారు ఇంటివారే. పట్టమునకు పట్టు కాలము మూడేండ్లు. ఆ తరగతులున్న నాళ్ళలో పొయ్యియొద్ద మరియొకరు కూర్చుండినచో ఆ యింట నొక పట్టభద్రురాలు వెలయును. కోడలి చదువు మనుమల చదువునకు పునాది యగునని పెద్దలకు వేరుగ జెప్పవలెనా?