గేరు గట్టిగా పడాలి

సరుకుల లారీ మిట్ట ఎక్కేటప్పుడు డ్రైవరును చూడండి. కాలితో క్లచ్చి తొక్కుతాడు. చేత్తో గేరు మారుస్తాడు. క్లచ్చి వదులుతాడు. లారీ మళ్లీ ఊపు అందుకుంటుంది.

అమెరికాలో చాలా బండ్లకు క్లచ్చి తొక్కే పనే లేదు. గేరు దానంతట అదే మారుతుంది. ఇలాంటి గేరు పెట్టెను జనరల్ మోటార్స్ కంపెనీ 1939లో తెచ్చింది. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు పెట్టింది. తరువాత పికప్పులకూ వచ్చింది.

పికప్పు అంటే ముందు మనుషులు కూర్చునే గది, వెనక కప్పు లేని తొట్టి ఉన్న బండి. అక్కడి రైతులు అందులో గడ్డి వేసుకుపోతారు. వడ్రంగులు కలప వేసుకుపోతారు. వెనక ఇంకో బండి తగిలించి గుర్రాలను, పడవలను కూడా లాగిస్తారు. చిక్కంతా ఈ బరువుతోనే వచ్చింది.

డ్రైవరు మార్చకపోతే గేరు ఎవరు మారుస్తారు? నూనె మారుస్తుంది! గేరు పెట్టెలో ఎర్రటి నూనె ఉంటుంది. ఒక పంపు ఆ నూనెను సన్నటి దారుల్లోకి తోస్తుంది. లోపల పళ్లాల్లాంటి పలకలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. నూనె వచ్చి వాటిని అదుముతుంది. పలకలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇంజను బలం చక్రాలకు అందుతుంది.

అయితే పట్టు దొరికేలోగా పలకలు కొంచెం జారతాయి. ఈ జారడం ఎట్లాంటిదో బావిలో నీళ్లు తోడినవాళ్లకు బాగా తెలుసు. నిండు బొక్కెన పైకి వస్తున్నప్పుడు చేంతాడు చేతిలో జారిందనుకోండి. అరచెయ్యి భగ్గున మండుతుంది. గట్టిగా పట్టుకుంటే మంట ఉండదు. పలకల సంగతీ ఇంతే. జారినంతసేపూ వేడి పుడుతుంది. పలకల మీద కాగితం లాంటి పూత ఉంటుంది. వేడి ఎక్కువైతే అది మాడిపోతుంది.

మరి పలకలు వెంటనే పట్టుకునేలా కంపెనీవాళ్లు ఎందుకు చెయ్యలేదు? అట్లా చేస్తే గేరు పడినప్పుడల్లా బండి కుదుపుతుంది. కొనేవాళ్లకు కుదుపు నచ్చదు. అందుకని నూనె దారి పక్కన స్ప్రింగు ఉన్న చిన్న గది పెట్టారు. కొంత నూనె అందులోకి పోతుంది. ఆ కాసేపూ పలకలు మెల్లగా బిగుస్తాయి. కూర్చున్న మనిషికి హాయి, పలకలకు మంట! ఖాళీ బండికి ఇది చెల్లుతుంది. బరువు లాగే బండికి చెల్లదు.

1982లో జనరల్ మోటార్స్ 700ఆర్4 అనే నాలుగు గేర్ల పెట్టెను తెచ్చింది. షెవ్రొలె పికప్పులకు కూడా పెట్టింది. దీనికీ ఇంజనుకూ మధ్య ఒక తీగ ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కితే తీగ లాగుతుంది. నూనె ఒత్తిడి పెరుగుతుంది. ఉపాయం మంచిదే. కానీ తీగ వదులైతే ఒత్తిడి చాలదు. బరువు మీద పలకలు జారి జారి మాడతాయి. ఒక్క తీగ సరిచూసుకోక ఎంతో ఖర్చు నెత్తిన పడుతుంది.

అందుకే తెలిసిన మెకానిక్కు ముందు తీగ చూస్తాడు. ఆ తరువాతే షిఫ్ట్ కిట్టు మాట. ఇది చిన్న సామాన్ల పొట్లం. ఇందులో గట్టి స్ప్రింగులు ఉంటాయి. నూనె దారుల మధ్య ఉండే రేకులో కొన్ని బెజ్జాలను కాస్త పెద్దవి చేస్తారు. నూనె త్వరగా చేరుతుంది. జారడం తగ్గుతుంది.

700ఆర్4కు ఇంకో చిట్కా ఉంది. రెండో గేరులో ఒక ఇనుప పట్టీ బిగుసుకోవాలి. దాన్ని నెట్టే పిస్టను కార్వెట్ అనే వేగం కారులో పెద్దదిగా ఉండేది. దాన్నే పికప్పుకు వేస్తారు. పిస్టను వెడల్పు పెరిగితే అదే నూనె ఎక్కువ బలంగా నెడుతుంది.

మరీ గట్టిగా చేసినా చిక్కే. ఆ దెబ్బ వెనక చక్రాలకు బలం తీసుకుపోయే ఇరుసుల మీద పడుతుంది. తడి రోడ్డు మీద ఖాళీ పికప్పు వెనక చక్రాలు జారవచ్చు. రోజూ పనికి పోయే బండికి కొంచెం గట్టిదనం చాలు. బరువు లాగేవాళ్లు నూనె చల్లబడడానికి ముందు భాగంలో ఇంకో చిన్న రేడియేటరు కూడా పెట్టిస్తారు.

కొత్త పికప్పుల్లో ఆ తీగ లేదు. ఒత్తిడిని కంప్యూటరు చూసుకుంటుంది. గేరు గట్టిగా పడాలంటే కంప్యూటరులోని లెక్కలు మారుస్తారు.

కిట్టు కొనేముందు నూనె చూడాలి. పాత బండ్లకు కొలత పుల్ల ఉంటుంది. దాన్ని తీసి గుడ్డకు తుడిస్తే రంగు తెలుస్తుంది. నూనె ఎర్రగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసన కొడితే పలకలు కాలినట్టే. అప్పుడు కిట్టు ఏమీ చెయ్యలేదు. పెట్టె విప్పాల్సిందే.